తెరయా? గోడయా?

చలనచిత్రాలలో లేని లోకాన్ని చూపడానికి నేడు రెండు మార్గాలున్నాయి.

మొదటిది ఆకుపచ్చ తెర. నటుని వెనుక దానిని నిలిపి చిత్రీకరించి, తరువాత కంప్యూటరు సాయంతో ఆ రంగును తొలగించి, కోరిన దృశ్యాన్ని చేరుస్తారు. చిత్రీకరణ వ్యయం తక్కువ. దృశ్యాన్ని తరువాత మార్చుకొనే వీలున్నది. అయితే మెరిసే వస్తువులపై ఆకుపచ్చ ఛాయ పడుతుంది. నటుడు శూన్యాన్ని చూస్తూ అభినయించాలి.

రెండవది ఎల్.ఇ.డి. గోడ. 2019లో వెలువడిన అమెరికా ధారావాహిక ‘ది మాండలోరియన్’లో కథానాయకుడు ధరించేది తళతళలాడే లోహకవచం. అందుకై సుమారు 20 అడుగుల ఎత్తున వలయాకారపు గోడను నిర్మించి, దానిపై దృశ్యాలను ప్రదర్శించారు. ఆ వెలుగే కవచంపై సహజంగా ప్రతిఫలించింది. కెమెరా కదిలినప్పుడు దృశ్యమూ తదనుగుణంగా మారింది. కాని ఆ దృశ్యాలను ముందే సిద్ధం చేయాలి. గోడకయ్యే వ్యయమూ అధికం.

కనుక నిర్ణయాన్ని తరువాతకు ఉంచుకొనేవారికి తెర, ముందే ఊహించగలవారికి గోడ అనుకూలం. దర్శకుని మనస్సులో దృశ్యం స్పష్టంగా లేకపోతే రెండూ నిష్ఫలమే.