రాఖీగఢీ డీఎన్ఏ: పోటీ పరీక్షల ప్రత్యేకం

పురాతన డీఎన్ఏ: పాత ఎముకలు, దంతాల నుంచి సేకరించే జన్యు పదార్థం. వేర్వేరు కాలాల నమూనాలను పోల్చి వలసలు, కలయికలను అంచనా వేస్తారు. చెవి లోపలి పెట్రస్ ఎముకలో ఇది ఎక్కువగా నిలుస్తుంది. వేడి, తేమలకు పాడవుతుంది.

రాఖీగఢీ: సింధు (హరప్పా) నాగరికత స్థలం. హర్యానా, హిసార్ జిల్లా. ఢిల్లీకి సుమారు 150 కి.మీ. దూరం. హిసార్ జాతీయ రాజధాని ప్రాంతంలో (ఎన్‌సీఆర్) లేదు. ఇక్కడే తికమక పెడతారు.

2019 సెప్టెంబరు, 'సెల్' పత్రిక. వసంత్ షిండే, నీరజ్ రాయ్, డేవిడ్ రైక్ బృందం. రాఖీగఢీలోని 61 నమూనాలు పరిశీలిస్తే ఒక్క మహిళ జన్యుక్రమమే దక్కింది. ఆమెలో స్టెప్పీ (యురేషియా గడ్డిభూముల) పశుపాలకుల వారసత్వం లేదు (తప్పక అడిగే అంశం). ఇరాన్ సంబంధిత వంశం ఉన్నా, అది వ్యవసాయానికి ముందే ఇరాన్ వంశాల నుంచి విడిపోయింది. ఒక్క నమూనాతో ఆర్యుల వలసపై వాదం తేలిపోయిందని రాసే ఆప్షన్‌ను నమ్మొద్దు.

అదే నెల 'సైన్స్' వ్యాసం: 523 మంది పురాతన మానవుల డీఎన్ఏ. స్టెప్పీ వారసత్వం దక్షిణాసియాకు చేరింది క్రీ.పూ. 2000-1500 మధ్య.

మన సీసీఎంబీ (హైదరాబాద్): 2009 'నేచర్' వ్యాసంలో ఏఎన్ఐ (ఉత్తర భారత పూర్వీకులు), ఏఎస్ఐ (దక్షిణ భారత పూర్వీకులు) అనే రెండు పూర్వీక సమూహాల ప్రతిపాదన, లాల్జీ సింగ్, తంగరాజ్.

స్వాంటే పాబో: పురాతన డీఎన్ఏ పరిశోధనకు 2022 వైద్య నోబెల్.

2020-21 బడ్జెట్‌లోని అభివృద్ధికి ప్రకటించిన ఐదు పురావస్తు స్థలాలు: రాఖీగఢీ, హస్తినాపూర్, శివసాగర్, ధోలావీర, ఆదిచ్చనల్లూర్. రాష్ట్రాలతో జతపరచడం సాధన చేయండి.