సగటు ఒకటే, ఊళ్లు రెండు: గణాంకశాస్త్రంపై సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: ఎం.ఏ. సోషియాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్లో సీఈసీ. టెన్త్‌తోనే లెక్కలకు దండం పెట్టేశాను. మా మేడం చెప్పారని స్వయం పోర్టల్లో సోషల్ సైన్స్ విద్యార్థుల కోసం పెట్టిన స్టాటిస్టిక్స్ కోర్సులో చేరాను. సగటు, మధ్యగతం దాకా బాగానే నడిచింది. ప్రామాణిక విచలనం దగ్గర ఆగిపోయాను. వీడియో నాలుగుసార్లు చూశాను. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, అసైన్‌మెంట్ తెరిస్తే చెయ్యి ఆడదు. మానేయమంటారా?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: మానేయొద్దమ్మా. ‘చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది’ అని రాశారు, చిక్కంతా అక్కడే ఉంది. లెక్క వేస్తున్నది పాఠం చెప్పేవారి చెయ్యి. ఐదోసారి చూడకండి. వీడియో ఆపి ఒక తెల్లకాగితం తీసుకోండి.

ఒక ఊళ్లో ఐదుగురు కూలీలు నెలలో పనికి వెళ్లిన రోజులు 4, 6, 8, 10, 12 అనుకుందాం. పక్క ఊళ్లో ఐదుగురూ తలా 8 రోజులు వెళ్లారు. రెండు ఊళ్లకూ సగటు 8 రోజులే. మరి రెండు ఊళ్లలో బతుకు ఒకటేనా? మొదటి ఊళ్లో ఒకామెకు నెల మొత్తమ్మీద నాలుగు రోజులే పని దొరికింది. ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో సగటు చెప్పదు. అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పేది ప్రామాణిక విచలనం.

ఇప్పుడు ఒక్కో అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో రాయండి: -4, -2, 0, 2, 4. ఇవి కూడితే సున్నా వస్తుంది, ఏ అంకెలు తీసుకున్నా అంతే. అందుకని వాటి వర్గాలు తీస్తాం: 16, 4, 0, 4, 16. మొత్తం 40. ఐదుతో భాగిస్తే 8. దాని వర్గమూలం 2.83. అంటే మొదటి ఊళ్లో పనిరోజులు సగటుకు అటూ ఇటూ రమారమి మూడు రోజుల మేర చెదిరి ఉన్నాయి. పక్క ఊళ్లో ఆ చెదురు సున్నా.

మీ వీడియోలో బహుశా నాలుగుతో భాగించి 3.16 తెచ్చి ఉంటారు. కంగారు పడకండి. ఆ ఐదుగురి గురించి మాత్రమే మాట్లాడదలిస్తే ఐదుతో భాగించాలి. ఊరందరి తరఫున ఆ ఐదుగురిని నమూనాగా తీసుకుంటే నాలుగుతో భాగించాలి. నమూనాలోని అంకెలు తమలోంచే తీసిన సగటుకు సహజంగానే దగ్గరగా ఉంటాయి, ఊరి అసలు సగటుకు అంత దగ్గరగా ఉండకపోవచ్చు. ఒకటి తగ్గించి భాగించేది ఆ లోటు పూడ్చడానికే.

చూశారా, ఇందులో పదో తరగతి దాటిన లెక్క ఒక్కటీ లేదు. సిగ్మా గుర్తు కనిపించినప్పుడల్లా ‘అన్నీ కూడు’ అని చదువుకోండి. గంట వీడియోకు రెండు గంటల కాగితం పని పెట్టుకోండి. ముప్ఫై ఏళ్లుగా ఆర్ట్స్ విద్యార్థులకు ఈ పాఠం చెబుతున్నాను. తెలివి చాలక వెనకబడినవారు నాకు కనిపించలేదు, కాగితం ముట్టనివారే కనిపించారు.

ప్రశ్న: స్వయం కోర్సు ఉచితమన్నారు, ఇప్పుడు పరీక్షకు డబ్బు కట్టమంటున్నారు. ఆ క్రెడిట్లు మా డిగ్రీలో కలుస్తాయా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: స్వయంలో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయడానికి యూనివర్సిటీలు అనుమతించవచ్చు. మీ కోర్సును ఒప్పుకోవాల్సింది మాత్రం మీ విభాగమే. ఫీజు కట్టకముందే వెళ్లి అడగండి, కాగితం మీద తీసుకోండి.

ప్రశ్న: యువతలో సోషల్ మీడియా వాడకానికీ, ఓటు వేయడానికీ ఉన్న సంబంధంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పంపితే 412 మంది నింపారు. పి-విలువ 0.03 వచ్చింది. నా పరికల్పన రుజువైనట్టే కదా?
– ఒక పరిశోధకుడు, గుంటూరు

జవాబు: రుజువు కాలేదు. అసలు ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు కూడా, కేవలం నమూనా ఎంపికలోని యాదృచ్ఛికత వల్ల మీకు కనిపించినంత సంబంధం, లేదా అంతకు మించినది, నూటికి మూడుసార్లు కనిపించవచ్చు. 0.03 చెప్పేది ఇంతే. మీ పరికల్పన నిజమయ్యే అవకాశం 97 శాతమని దాని అర్థం కాదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చి మరీ ఈ పొరపాటు గురించి హెచ్చరించింది.

నాకు అంతకంటే బెంగ మీ 412 మంది గురించి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి, రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్ గెలుస్తాడంది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కు దక్కాయి. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఎవరింట ఉంటాయి? పైగా, బ్యాలెట్ అందిన వాళ్లలో ఎక్కువమంది తిరిగి పంపనేలేదు.

ఈ పాఠం నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. ఎం.ఏ.లో ఒక పేటలో సర్వే చేశాను. రోజూ పొద్దున పదకొండింటికి వెళ్లి తలుపులు తట్టేవాణ్ని. తీసినవాళ్లంతా ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు. పేటలో పనికి వెళ్లేవాళ్లు బాగా తక్కువని రిపోర్టు రాసిచ్చాను. మా గురువుగారు మొదటి పేజీ చదివి, ‘తాళం వేసిన ఇళ్లు ఎన్ని?’ అని అడిగారు. ఆ లెక్క నేను రాసుకోలేదు. పేట మొత్తం మళ్లీ సాయంత్రాలు తిరిగాను.

మీ ఫారం ఎన్ని గ్రూపులకు వెళ్లింది? ఎందరు చూసి వదిలేశారు? వాట్సాప్‌లో లేని యువత సంగతేమిటి? సోషల్ మీడియా గురించిన ప్రశ్నను సోషల్ మీడియాలోనే అడిగారు కదా! ఓటర్ల జాబితా తెచ్చుకుని, రెండు మూడు పోలింగ్ బూత్‌ల పరిధిలో చీటీలు తీసి కొందరిని ఎంచుకోండి, వాళ్ల ఇళ్లకు వెళ్లండి. జాబితాకు ఎక్కని యువత దీనికీ అందదు, ఆ పరిమితిని థీసిస్‌లో రాయండి. నూరు మందే దొరికినా ఫరవాలేదు.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. స్టాటిస్టిక్స్ కోర్సులో ఎస్పీఎస్ఎస్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, కొనే స్తోమత లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: జమోవీ, జాస్ప్, పీఎస్‌పీపీ ఉచితంగా దొరుకుతాయి. వీటిలో పీఎస్‌పీపీ ఎస్పీఎస్ఎస్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. మాటల కోసం ఒక నోటు పుస్తకంలో స్టాండర్డ్ డీవియేషన్ ఎదురుగా ప్రామాణిక విచలనం, మోడ్ ఎదురుగా బాహుళకం, ఇలా రాసుకుంటూ పోండి. పైన కర్నూలు అమ్మాయికి చెప్పిన ఐదు అంకెలూ మీరూ కాగితం మీద వేసి, తరవాత సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడండి. అక్కడ 2.83 రాదు, 3.16 వస్తుంది. మీరిచ్చినవి నమూనా అంకెలని అది ముందే అనుకుంటుంది.