సినిమా యంత్రగదిలో సహకారము

సినిమా చూచువారి దృష్టి తెరమీదనే యుండును. తమ వెనుకగోడలోని చిన్నకిటికీనుండి వచ్చు కాంతిధారను గమనించువారు అరుదు. ఆ కిటికీకి ఆవలనున్న గదిలోని పనివారు ఒకరికొకరు తోడ్పడిననాడే బొమ్మ తెరపై ఆగక నడచును.

ఫిలిము వాడుకలో నున్న కాలమున, 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున యంత్రముగుండ సాగెడిది. ఒక్కొక్క బొమ్మకు ప్రక్కన నాలుగేసి రంధ్రములుండును. అనగా ప్రతి సెకనునకు ఒక్కొక్క అంచున 96 రంధ్రములు పళ్లచక్రముల మీదుగా పోవలయును. వానిలో కొన్ని చినిగియున్నచో ఫిలిము తెగవచ్చును. కావున సహాయకుడు ప్రదర్శనకు ముందే రీలును మెల్లగా త్రిప్పుచు, అంచులను వ్రేళ్లతో తడవి చూచి, చెడిన చోట కత్తిరించి అతికెడివాడు.

రెండువేల అడుగుల రీలు సుమారు 22 నిమిషములలో ముగియును. కథకు అంతరాయము కలుగకుండుటకై గదిలో రెండు ప్రొజెక్టర్లుండెడివి. రీలు ముగియుటకు సుమారు 8 సెకనుల ముందు తెర కుడివైపు పైమూలన ఒక చుక్క మెరసెడిది. వెంటనే రెండవ యంత్రమును నడుపవలెను. మరల చుక్క కనబడగానే మొదటిదాని కాంతిని మూసి, రెండవదాని కాంతిని తెరవవలెను. అప్పటికే ఆ యంత్రములో ఫిలిము సరిగా ఎక్కింపబడి, కార్బను కడ్డీలు వెలుగుచుండవలెను. ఒకడు సిద్ధపరచినదానిని నమ్మియే మరియొకడు మీట త్రిప్పెడివాడు.

ఈ నమ్మకము ప్రాణములకు సంబంధించినది. పూర్వపు నైట్రేటు ఫిలిము త్వరగా అంటుకొనును. మండుటకు వలసిన ప్రాణవాయువు దానిలోనే యుండుటచే, నీట ముంచినను ఆరదు. యంత్రములో ఫిలిము చిక్కుకొని, తీక్ష్ణమైన దీపపువేడికి మండినచో హాలంతయు ప్రమాదమునకు లోనగును. 1950వ దశకమున సులభముగా మండని ఫిలిము దాని స్థానము నాక్రమించెను.

నేడు తెలుగునాట డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చినవి. చిత్రమును తెరచు సంకేతపు తాళము నిర్ణీతకాలమున మాత్రమే పనిచేయును. దానిని ముందుగా సరిచూచువాడు, గాలి వడపోతలలోని దుమ్ము దులుపువాడు, కరెంటు పోయినపుడు జనరేటరును నడుపువాడు, వీరిలో ఏ ఒక్కరు ఏమరినను ఆట నిలిచిపోవును.

యంత్రము చెడుటకు ముందు తరచుగా ఒక చిన్న సూచన నిచ్చును: వింత చప్పుడో, మితిమీరిన వేడిమియో. తన తప్పు బయటపడునను భయముతో దానిని దాచిన, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును. తన వంతు ముగించి పోవుచు, తాను గమనించిన లోపమును తరువాతివానికి దాపరికము లేక చెప్పువాడే నిజమైన పనివాడు.