అన్నీ ఒకేసారి చూస్తుందా?

"క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబుల్నీ ఒకేసారి ట్రై చేస్తుంది, అందుకే ఫాస్ట్." పోయిన సెమిస్టర్ సెమినార్‌లో నేనే ఇలా చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. వెనక బెంచీలోంచి ఒక జూనియర్ మాత్రం అడిగింది: "మరి కొలిస్తే ఒక్కటే కదన్నా వచ్చేది? అది కరెక్టో కాదో?" నేను నీళ్లు నమిలాను.

తను అడిగింది నిజం. అలా కొలిస్తే వచ్చేది లాటరీయే. కిటుకు ఇంకోచోట ఉంది. ప్రాబబిలిటీ (సంభావ్యత అంటారట, ఈమధ్యే తెలిసింది) ఎప్పుడూ మైనస్ కాదు. దాని వెనకుండే ఆంప్లిట్యూడ్ మాత్రం అవుతుంది. అందుకే తప్పు జవాబులు క్యాన్సిల్ అయ్యే వీలుంది.

లవ్ గ్రోవర్ 1996 నాటి అల్గారిథమ్‌ని పేపర్ మీద చేసి చూడండి. నాలుగు పెట్టెలు, ఒకదాంట్లోనే లడ్డూ. మొదట అన్నిటికీ ఆంప్లిట్యూడ్ 1/2. వర్గం చేస్తే ఛాన్స్ 1/4. లడ్డూని గుర్తుపట్టే సర్క్యూట్‌ని ఒక్కసారి వాడితే ఆ పెట్టెది -1/2 అవుతుంది. ఇప్పుడు కొలిచినా ఛాన్స్ 1/4యే, లాభం లేదు! కానీ నాలుగింటి సగటు 1/4కి తగ్గింది. ప్రతి విలువనీ ఆ సగటుకి అవతలివైపు అంతే దూరంలో పెట్టండి. మూడు 1/2లూ సున్నా అయిపోతాయి. -1/2 కాస్తా 1 అవుతుంది. అంటే లడ్డూ గ్యారంటీ.

పది లక్షల పెట్టెలైతే ఇదే పని సుమారు 785 సార్లు చేయాలి. అన్నీ ఒకేసారి చూసేదే అయితే ఒక్కసారి చాలాలి కదా! మామూలుగా వెతికితే సగటున ఐదు లక్షలు. 1994లో పీటర్ షోర్‌కి కారణాంకాల లెక్కలో ఇంతకంటే చాలా పెద్ద లాభం దొరికింది. ఎందుకంటే అక్కడ పదేపదే తిరిగొచ్చే ఒక వరుస దాగి ఉంది, క్యాన్సిల్ చేయడానికి అది పట్టు ఇస్తుంది. లడ్డూ పెట్టెల్లో అలాంటి వరుసేమీ లేదు.