ఒక్క కీబోర్డు, పెక్కు గదుల కంప్యూటర్లు

సంఘసభ్యులకు పాఠము

పొలమునకు నీరు కట్టు రైతునకు మడవ యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. కాలువ యొక్కటి, మడులు నాలుగు. ఒక మడవ కట్టి వేరొక మడవ తెరచినచో నీరు ఆ మడికే పోవును. మడికొక కాలువ త్రవ్వుకొనువాడు లేడు. నేటి పాఠమునందలి సంగతియు నట్టిదే. నాలుగు కంప్యూటర్లను నడుపుటకు నాలుగు కీబోర్డులు, నాలుగు మౌసులు ఉండితీరవలెనను నియమము లేదు. ఒక్క జతతోనే వానినన్నిటిని నడుపు పద్ధతులు గలవు. అవి యెట్టివి, ఎంత దూరము పనిచేయును, సంఘ కార్యాలయమునకు వానివలన కలుగు లాభమేమి, ప్రమాదమేమి యను విషయములను క్రమముగా విచారింతము.

1. ఈ విద్య మనకేల?

మన రుద్రారము 65వ జాతీయ రహదారిని ఆనుకొనియున్న గ్రామము. ఒక వంక పొలములు, ఒక వంక యంత్రశాలలు. పటాన్‌చెరు, పాశమైలారము పారిశ్రామికవాడలకు పనికి పోవు వారు రైతు కుటుంబములలోనే యున్నారు. వేడి, ధూళి, ఆవిరి గల తావున కంప్యూటరు చెడును గనుక, పెద్ద యంత్రశాలలలో దానిని వేరొక గదియందుంచి, పనివాని బల్లపై తెర, కీబోర్డు, మౌసు మాత్రమే యుంచుట వాడుక. ఆ విద్య ఇపుడు సహకార సంఘము గడప యొద్దకును వచ్చినది.

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో పుట్టినది. తరువాత చిరకాలము సంఘముల లెక్కలు చేతివ్రాత పుస్తకములందే సాగినవి. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. కావున కంప్యూటరు లెక్కలు పట్టణపు బ్యాంకుల సంగతియే యని రైతు ఊరకుండుటకు వీలులేదు.

ఒక సంఘమును ఊహింతము. ఋణముల లెక్క ఒక గదిలో, ఎరువుల అమ్మకము ప్రక్క గదిలో, ధాన్యపు తూకము ఆవరణ చివర గోదాములో నున్నవి. మూడుచోట్ల మూడు కంప్యూటర్లు. గుమాస్తా మాత్ర మొక్కడే. అతడు తూకపు లెక్క చూచుటకు గోదామునకు పోయినపుడు ఋణపు గది వాకిట రైతులు కూర్చుండవలసినదే. ఆ నిరీక్షణమును తప్పించుటయే ఈ సాధనముల ప్రయోజనము.

2. మొదటి పద్ధతి: మడవ వంటి పెట్టె

దీనిని కె.వి.ఎం. స్విచ్చు అందురు. కీబోర్డు, వీడియో, మౌసు అను మూడు మాటల మొదటి యక్షరములే ఆ పేరు. అరచేతి వెడల్పు గల చిన్న పెట్టెకు ఒక వైపున కీబోర్డు, మౌసు, తెర తగిలింతురు. రెండవ వైపున రెండో నాలుగో కంప్యూటర్ల తీగలు వచ్చి చేరును. పెట్టెపై మీట నొక్కగా మూడును ఒకేసారి కోరిన కంప్యూటరునకు మరలును. కొన్ని పెట్టెలకు కీబోర్డుపై ఒక నియమిత మీటను రెండుమార్లు నొక్కినను చాలును.

ఇచట నొక సంగతి గుర్తుంచుకొనవలెను. కీబోర్డు మరలినంత మాత్రమున తక్కిన కంప్యూటర్ల పని ఆగదు. మడవ కట్టిన మడిలో నిలిచిన నీరు నిలిచియే యుండునుగదా! అట్లే అచట ప్రారంభమైన ముద్రణమో లెక్కయో సాగుచునే యుండును. మరియొక సుగుణము: ఈ పెట్టె కంప్యూటరు లోపలి యే ప్రోగ్రామునకును లోబడినది కాదు. కంప్యూటరు మొరాయించి మొదటినుండి వెలిగింపవలసి వచ్చినను దీనితో దానిని చూడవచ్చును, సరిచేయవచ్చును.

3. గది దాటిన దూరము

బల్లమీది పెట్టె బల్ల చుట్టునున్న యంత్రములకే తగినది. సామాన్యముగ వాడు యు.ఎస్.బి. తీగ 5 మీటర్లు దాటినచో నమ్మదగినది కాదు. చిత్రమును మోయు తీగయు మిక్కిలి పొడవైనచో తెర మినుకుమినుకుమనును, లేదా చీకటియగును. అట్టిచోట ఎక్స్‌టెండరు అను జత పెట్టెలను వాడుదురు. ఒకటి కంప్యూటరు దగ్గర, ఒకటి బల్ల దగ్గర. నడుమ ఇంటర్నెట్టునకు వాడునట్టి ఎనిమిది పోగుల రాగి తీగ. ఇట్టి వానిలో మంచివి 100 మీటర్ల వరకు పనిచేయును.

కొనునపుడు రెండు విషయములు అడుగవలెను. మొదటిది: ఆ జత పెట్టెలు తమ కొరకే ప్రత్యేకముగ వేసిన తీగను కోరునా, లేక కార్యాలయపు నెట్‌వర్కులోనే కలియునా? తీగ చూచుటకు ఒక్కటే యైనను, మొదటి రకమును నెట్‌వర్కు పెట్టెలో గుచ్చినచో పనిచేయదు. రెండవది: తీగ ఒక కట్టడము నుండి వేరొక కట్టడమునకు ఆరుబయట పోవునా? పోయినచో రాగి తీగ వెంట పిడుగుపాటు విద్యుత్తు లోనికి వచ్చి యంత్రములను కాల్చు భయము గలదు. గోదాము వరకు వేయు తీగకు విద్యుత్తును మోయని గాజుపోగు తీగయే క్షేమము.

గదులును బల్లలును పెక్కైనచో నెట్‌వర్కు మీద నడచు పెట్టెలు గలవు. ప్రతి కంప్యూటరునకు ఒక పంపు పెట్టె, ప్రతి బల్లకు ఒక అందుకొను పెట్టె. ఏ బల్లనుండియైనను ఏ కంప్యూటరునైనను పిలువవచ్చును. వెల యెక్కువ. చిన్న సంఘమునకు ఇది అవసరము కాదు.

4. రెండవ పద్ధతి: గట్టు దాటు బాణము

పెట్టెయే లేకుండ ప్రోగ్రాముతో నడచు పద్ధతి గలదు. ఒకే నెట్‌వర్కులో నున్న కంప్యూటర్లు ప్రక్కప్రక్కన నుండగా, మౌసు బాణమును మొదటి తెర అంచు దాటించినచో అది రెండవ తెరపై ప్రవేశించును. కీబోర్డును దాని వెంటనే పోవును. 2001లో వెలువడిన సినర్జీ ఇట్టిదే. మైక్రోసాఫ్టు వారు 2011లో విడుదల చేసిన మౌస్ వితౌట్ బోర్డర్స్ నాలుగు కంప్యూటర్ల వరకు కలుపును.

కాని దీనితో చిత్రము ప్రయాణము చేయదు. ప్రతి కంప్యూటరునకు దాని తెర దానికే యుండవలెను, ఆ తెర మన కంటికి కనబడవలెను. వేరొక గదిలోని తెర మీదికి మౌసును పంపుట చీకటిలో పార వేసినట్లగును. గోడ యవతలి యంత్రమునకు తెరచిత్రమును గూడ తెచ్చు ప్రోగ్రాము కావలయును. అదియే మూడవ పద్ధతి. రిమోట్ డెస్క్‌టాపు అందురు. నెట్‌వర్కు చెడినచో ఈ రెండు పద్ధతులును నిలిచిపోవును. రెండింటను మీట లొత్తిన మాటలు తీగ వెంట పోవును గనుక, వానిని గూఢలిపిగా మార్చి పంపు అమరిక తప్పక యుండవలెను.

దూరమునుండి నడుపుట క్రొత్త వింత కాదు. మౌసును కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున దానిని సభకు చూపినపుడు, ఆయన చేతిలో మౌసు, ఎదుట కీబోర్డు ఉన్నవి. కంప్యూటరు సుమారు 30 మైళ్ల దూరమున మెన్లో పార్కులో నుండెను.

5. సంఘము జాగ్రత్తపడవలసిన చోటు

యంత్రము నడక తప్పించును, బాధ్యత తప్పింపదు. మూడు యంత్రములకు ఒక్క కీబోర్డే యైనపుడు వ్రేళ్లకు భేదము తెలియదు. ఒక రైతు 1,00,000 రూపాయల పంట ఋణమును గడువు దినముననే తెచ్చి చెల్లించెననుకొందము. గుమాస్తా మీట మరల్చుట మరచి, ఆ మొత్తమును ఋణపు లెక్కలో గాక ఎరువుల లెక్కలో వ్రాసెను. కేంద్ర ప్రభుత్వ పథకము ననుసరించి 3 లక్షల వరకు గల పంట ఋణమును గడువులోపల తీర్చిన రైతునకు 3 శాతము వడ్డీ తగ్గింపు గలదు. ఏడాదికి లెక్కింపగా ఆ రైతునకు 3,000 రూపాయలు. ఒక్క మీట తప్పునకు అంత సొమ్ము చిక్కునబడును. అతడు తీసికొన్న రసీదే అతనికి రక్ష.

అంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి గలదు. ధాన్యము తూచువాడొకడు, సొమ్ము చెల్లించువాడొకడు, లెక్క సరిచూచువాడొకడు కావలెనను నియమమును మన పెద్దలు ఊరక పెట్టలేదు. ఒకని తప్పు రెండవవాని కంట బడుటకే పెట్టిరి. మూడు గదులను ఒక్క కీబోర్డునకు కట్టి, మూడింటిని ఒక్క కార్యదర్శి పేరుతోనే తెరచియుంచినచో ఆ మూడు కన్నులును మూసినట్లే. కంప్యూటరు ఎవరి పేరుతో తెరచిరో దానినే వ్రాసికొనును గాని, మీట యొత్తిన వ్రేలు ఎవరిదో వ్రాసికొనదు. ఆడిటరు వచ్చి అడిగినపుడు సమాధానము చెప్పువాడుండడు.

కావున ఈ నియమములు పాటింపవలెను.

ఒకటి: ప్రతి యంత్రపు తెరకును వేరువేరు రంగు పెట్టి, పైన దాని పేరు పెద్దగ వ్రాయవలెను. అంకె వ్రాయుటకు ముందు ఆ పేరు చదువవలెను.

రెండు: ఎవరి రహస్యపదము వారిదే. ఒకరిది వేరొకరు వాడరాదు.

మూడు: బల్ల విడిచి లేచునపుడు యంత్రములన్నిటిని మూయవలెను. ఎదుట కనబడు తెరను మాత్రము మూసిన చాలదు. మీట యవతల తెరచియున్న రెండును తెరచియే యుండును.

నాలుగు: తూకము వ్రాయు చేయి, సొమ్ము వ్రాయు చేయి ఒక్కటి కారాదు. కీబోర్డు ఒక్కటైనను మనుష్యులు ఇరువురుండవలెను.

ఐదు: ఒక యంత్రమునకు రెండు గదులనుండి రెండు కీబోర్డులు తగిలించినచో, ఒకరు పని చేయుచుండగా రెండవవారు చేయి పెట్టరాదు. తెరపై బాణ మొక్కటే. ఒక జత యెడ్ల పగ్గములను ఇరువురు లాగినట్లగును.

సోదర సభ్యులారా! సాధనము కొనుటకు ముందు దూరము కొలువుడు. బల్ల మీదనే పని యైనచో చిన్న పెట్టె చాలును. కొన్న పిదప ఎవరు ఏ పేరుతో ఏ యంత్రమును తెరచుచున్నారో సర్వసభ్య సమావేశమున అడుగుడు. అడుగుట అవమానింపుట కాదు. మడవ యొద్ద కావలి యుండుట ఎట్టిదో ఇదియు నట్టిదే.

చర్చకు ప్రశ్నలు

1. మన కార్యాలయమునుండి గోదామునకు దూరమెన్ని మీటర్లు? అచటికి ఏ తీగ తగినది?

2. గట్టు దాటు బాణపు పద్ధతి వేరొక గదిలోని యంత్రమునకు ఏల పనికిరాదు?

3. కీబోర్డు ఒక్కటైనను ఇరువురు మనుష్యులు ఏల కావలెను?