వేరుశనగ వేళ్ళలోని అతిథులు

కుప్పం, పుంగనూరు మెట్టభూములలో వానను నమ్మి విత్తే పంట వేరుశనగ. ఉర్దూలో మూంగ్‌ఫలీ, మన రైతు నోట శెనక్కాయ. తెలుగు బోధించేవాడిగా ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. పేరులో వేరున్నా, కాయ కాసేది వేరుకు కాదు. పూవు వాడిన పిమ్మట నేలలోనికి దిగే ఊడకు. వేళ్ళను అంటిపెట్టుకొని ఉండేవి చిన్న చిన్న బొడిపెలు.

విద్యార్థులారా! ఒక బొడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నదని గుర్తు. అందులో నివసించే రైజోబియం వర్గపు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తాయి. యూరియా కొనలేని రైతుకు ఇది నేల ఇచ్చే ఎరువు. అయితే ఈ అతిథులకు తలుపు తీసేది ఎవరు? మొక్క జన్యువులే.

1972లో పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో కొన్ని సంకర వేరుశనగ మొక్కలు బొడిపెలు లేకుండానే పెరిగాయి. 1980లో శాస్త్రజ్ఞులు దీనికి రెండు జన్యువులు కారణమని వివరించారు. రెండింటిలో ఏ ఒక్కటి బహిర్గత రూపంలో ఉన్నా బొడిపెలు వస్తాయి. రెండూ అంతర్గత రూపంలోనే జతకూడితే రావు. ఆ లెక్కన రెండవ సంకర తరంలో 16 మొక్కలకు ఒకటి బోడివేళ్ళతో మిగులుతుంది. నేలలో సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా, నత్రజని ఎరువు వేయకపోతే అది పాలిపోతుంది.

ఇంకొక ఉదాహరణ మనకు పొరుగుదే. కదిరి-3 అనే వేరుశనగ రకానికి రోబట్ 33-1 అని మరో పేరు. దాని విత్తనానికి ఎన్.సి. 92 అనే రైజోబియంను పట్టించినప్పుడు ఇక్రిశాట్ ప్రయోగాలలో దిగుబడి పెరిగింది. అన్ని రకాలూ ఆ విధంగా స్పందించలేదు. కనుక కల్చర్ పొట్లం కొనే రైతు అది ఏ పంటకని మాత్రమే గాక, తన విత్తన రకానికి కుదురుతుందా అని కూడ అడగాలని నా అభిప్రాయం.

మదనపల్లె పేరు చెప్పగానే టమాటా గుర్తుకు రాక మానదు. 2018లో కొరియా శాస్త్రజ్ఞులు వాడు తెగులును తట్టుకొనే హవాయి 7996 రకపు వేళ్ళ చుట్టూ ఉన్న సూక్ష్మజీవులను తెచ్చి, తట్టుకోలేని రకపు మొక్కలకు అందించారు. ఆ మొక్కలలో తెగులు తగ్గింది. ఆ గుంపులోని ఒక ఫ్లేవోబాక్టీరియంను విడిగా పెంచి కుండీలలో వేసినా కొంత రక్షణ లభించింది.