ఇంటి దీపం – పొదుపు లెక్క

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అంటారు. నూనె పోసి వత్తి వెలిగించిన కాలంలో దీపపు ఖర్చు కంటికి కనిపించేది. సీసాలో నూనె తరిగిన కొద్దీ ఇల్లాలు వత్తిని తగ్గించేది. నేడు స్విచ్చి నొక్కగానే వెలుగు వస్తున్నది గాని, తరిగేది కనిపించడం లేదు. బిల్లు చేతికి వచ్చిన నాడే అది తెలుస్తున్నది. ఇంటి దీపాల విషయంలో ఏది నిజమైన పొదుపు, ఏది పొదుపుగా తోచేది మాత్రమే అన్న ప్రశ్నను లెక్కగట్టి పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ఈ ఆలోచనకు ఒక కారణం ఉన్నది. మాలో ఒకరి ఇంట పొదుపు పేరిట మెట్ల దగ్గరి దీపాన్ని రాత్రివేళ ఆర్పివేసేవారు. ఒకనాడు తెల్లవారుజామున నమాజుకు లేచిన నానమ్మగారు చీకటిలో మెట్టు తప్పి పడి, మణికట్టు విరుగగొట్టుకున్నారు. ఆదా అయిన విద్యుత్తు ఎంత, వైద్యానికైన ఖర్చు ఎంత అని విచారించినప్పుడు మాకు ఒక సంగతి బోధపడింది. పొదుపు అంటే చీకటిలో ఉండడం కాదు. అవసరమైన చోట, అవసరమైనంత సేపు వెలుగు ఉండడం.

దీపం మార్చడమే మొదటి మెట్టు

వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు ఒక యూనిటు. బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రంలో ఒక యూనిటు తయారు కావాలంటే అరకిలోకు మించిన బొగ్గు కాలిపోతుంది.

పాత తీగ బల్బులో టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాగి వెలుగునిస్తుంది. అది తీసుకునే విద్యుత్తులో పదో వంతు కూడా వెలుగు కాదు, మిగిలినదంతా వేడి. ఎల్.ఇ.డి. దీపంలో అర్ధవాహక పదార్థం నుండి నేరుగా వెలుగు పుడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ ఎల్.ఇ.డి.లు ముందే ఉన్నా, ప్రకాశవంతమైన నీలి వెలుగు సాధ్యమయ్యేవరకు తెల్లని దీపం వీలు కాలేదు. ఆ నీలి వెలుగును సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి వెలుగుపై పసుపు రంగు ఫాస్ఫర్ పూత ఉంచితే, ఆ రెండు వెలుగులు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి. మన దేశంలో 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా ఈ దీపాలు తక్కువ ధరకు ఇంటింటికీ చేరాయి.

ఇక లెక్క చూద్దాం. మెట్ల దగ్గర రాత్రి 12 గంటలు వెలిగే 60 వాట్ల తీగ బల్బు నెలకు 21.6 యూనిట్లు తీసుకుంటుంది. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. 3.24 యూనిట్లతో సరిపెట్టుకుంటుంది. నెలకు 18 యూనిట్లకు పైగా, అంటే తొమ్మిది కిలోలకు మించిన బొగ్గు, ఒక్క దీపంతోనే మిగులుతున్నది.

కదలికను పసిగట్టే సెన్సర్

ప్రతి వస్తువూ తన వేడిని బట్టి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. మనిషి శరీరమూ అంతే. సెన్సర్‌లోని పదార్థంపై పడే ఈ కిరణాలు మారినప్పుడు అందులో స్వల్పమైన విద్యుదావేశం పుడుతుంది. లోపల రెండు భాగాలు ఎదురెదురుగా కలిపి ఉంటాయి. మనిషి అడ్డంగా నడిచినప్పుడు ఒక దాని తరువాత మరొకటి ఆ వేడిని గ్రహిస్తుంది. ఆ తేడాయే దీపాన్ని వెలిగిస్తుంది. పైన కనిపించే గళ్ల ప్లాస్టిక్ మూత ఫ్రెనెల్ కటకం. ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెనెల్ 1820వ దశకంలో సముద్రతీరపు దీపస్తంభాల కోసం రూపొందించిన కటకానికి ఇది వారసురాలు.

సెన్సర్ నిద్రపోదు, ఇరవైనాలుగు గంటలూ కొద్దిపాటి విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. అది అర వాటు అనుకుందాం. రోజుకు 12 వాట్-గంటలు. పై మెట్ల దీపం సెన్సర్ వల్ల రాత్రి మొత్తం మీద ఒక గంటే వెలిగితే, నెలకు 0.63 యూనిటు సరిపోతుంది. మరో 2.6 యూనిట్లు మిగిలినట్లే; పైగా ఎవరూ చీకటిలో తడుముకోనక్కరలేదు.

అదే సెన్సర్‌ను రోజుకు పది నిమిషాలు మాత్రమే వాడే సామాన్ల గదిలో పెడితే? అక్కడి దీపానికి నెలంతా కలిపి 45 వాట్-గంటలు చాలు. సెన్సర్ తన మేలుకోలుకే 360 తీసుకుంటుంది! నెలకు నాలుగు రాత్రులు దీపం ఆర్పడం మరచిపోతే తప్ప అక్కడ సెన్సర్ వల్ల నష్టమే. అక్కడ మన చేతిని మించిన సెన్సర్ లేదు.

ఎక్కడ తగదు, ఎట్లా అమర్చాలి

సెన్సర్ మనిషిని చూడదు, కదలికను చూస్తుంది. పుస్తకంలో లీనమై కదలక కూర్చున్న విద్యార్థి దాని దృష్టిలో లేనట్లే. చదువు మధ్యలో దీపం ఆరిపోతుంది. కనుక చదువుకునే గదికి అది పనికిరాదు. స్నానాల గదిలో పెడితే ఆరే వ్యవధిని ఎక్కువగా ఉంచాలి.

పరిసరాల వేడి శరీరపు వేడికి దగ్గరైనప్పుడు సెన్సర్ చురుకుదనం తగ్గుతుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి సాయంకాలం దీపం వెలగకపోతే పరికరం చెడిందని తొందరపడరాదు. గాజు ఈ కిరణాలను అడ్డగిస్తుంది గనుక కిటికీ వెనుక అమర్చరాదు. పొయ్యికి, ఏ.సి. గాలికి, ఊగే కొమ్మలకు ఎదురుగా కూడా ఉంచరాదు. మనుషులు దానివైపు నేరుగా వచ్చేటట్లు గాక, దాని ముందు అడ్డంగా నడిచేటట్లు అమర్చాలి. బిగించే పని మెయిను ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

ముగింపు

కాబట్టి క్రమం ఇది: ముందు తీగ బల్బు మార్చాలి, తరువాత రాత్రంతా వెలిగే దీపాలకు సెన్సర్ అమర్చాలి, మిగిలిన గదులలో బయటికి వచ్చేటప్పుడు స్విచ్చి ఆర్పే అలవాటు చేసుకోవాలి. వాడకం పెరిగిన కొద్దీ యూనిటు ధర పెరిగే పద్ధతిలో మనం మిగిల్చే యూనిటు ఎక్కువ ధర గలదే అన్నది మరువరాదు.

విద్యార్థి మిత్రులు ఈ సెలవులలో తమ ఇంటి దీపాల వాట్లు, అవి వెలిగే గంటలు ఒక కాగితంపై వ్రాసి, నెల లెక్క వేసి చూడాలని మా కోరిక. కళాశాల మెట్లు, వరండాల విషయంలో కూడా ఇటువంటి లెక్క వేయించమని కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాము. ఆ లెక్కకు కావలసినది గుణకారం మాత్రమే. ఆ గుణకారం ముందే చేసి ఉంటే, ఆ తెల్లవారుజామున నానమ్మగారి మెట్ల మీద దీపం వెలుగుతూ ఉండేది.